"ఫిజిక్స్ చెత్త" అన్నవాడు ఏం ముట్టుకుని అన్నాడు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు నెలలు కూర్చుని, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ తెర మీద మొదలుపెట్టి, ఒక పాత హ్యాచ్‌బ్యాక్‌ను అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌కు తయారుచేశారు. అందరికీ ఉచితంగా పెట్టారు. మొదటి వారంలో వచ్చిన మాటలు నాలుగు. ఒకరు "సూపర్ బ్రో" అన్నారు. ఒకరు "మోడల్ పీఎస్2 కాలందిలా ఉంది" అన్నారు. ఒకరు "ఫిజిక్స్ చెత్త, రోడ్డు మీద కప్పలా గెంతుతోంది" అన్నారు, ఫిజిక్స్ అంటే ఇక్కడ కారు కదిలే తీరు. ఇంకొకరు "ఇదే కారు రిప్ (ఇంకో గేమ్‌లోంచి పీకి తెచ్చినది) దొరుకుతుంటే ఇదెందుకు" అన్నారు. వీళ్లకు నిజంగా నాణ్యత అంటే తెలుసా, లేక కడుపుమంటా అని అడిగారు. కారు తీసేయమంటారా అని కూడా అడిగారు.

ఆర్‌ఫ్యాక్టర్ అనే పాత రేసింగ్ గేమ్ రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. నాకు అర్థమైంది చెబుతాను. ఆ నలుగురూ చూసిన కారు ఒకటే గానీ మాట్లాడింది నాలుగు వేర్వేరు సంగతుల గురించి. మొదటివాడు మీ కష్టానికి మార్కులేశాడు, రెండోవాడు స్క్రీన్‌షాట్‌కు వేశాడు, నాలుగోవాడు అసలు మీ కారు దింపుకోనేలేదు. మీ బండిని నడిపినట్టు కనిపిస్తున్నది మూడోవాడు ఒక్కడే. "కప్పలా గెంతుతోంది" అన్న మాట నడపకుండా పుట్టదు. కోపం తగ్గాక ముందు అతన్నే పట్టుకోండి.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, ఒకసారి నేను సరిగ్గా దీనికి ఉల్టా చేశాను కాబట్టి.

నా రెండో కారు బయటికొచ్చినప్పుడు ఎవరో ఒకాయన ఒకే ఒక్క ముక్క రాశాడు: "బల్ల మీద కూర్చుని నడిపినట్టుంది." అంతే, ఇంకేమీ లేదు. పుల్లవిరుపు మాట. నాకు ఒళ్లు మండింది. తయారీదారు సర్వీస్ మాన్యువల్‌లోంచి స్ప్రింగ్ అంకె తీసి పెట్టినవాణ్ణి నేను, నాకే చెబుతాడా అనుకున్నాను. జవాబుగా మాన్యువల్ పేజీ ఫొటో పెట్టాను. పదిమంది నా పక్షాన నిలబడ్డారు. ఆయన మళ్లీ కనిపించలేదు.

నాలుగు నెలల తర్వాత ఇంకో కారుకు సస్పెన్షన్ రాస్తూ ఉంటే విషయం తట్టింది. అసెట్టో కోర్సా సస్పెన్షన్ ఫైలులో స్ప్రింగ్ రేట్ అని రాసి ఉన్న చోట ఆ గేమ్ అడిగేది స్ప్రింగ్ గట్టిదనం కాదు, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం. నిజమైన కారులో స్ప్రింగు చక్రానికి నేరుగా తగిలించి ఉండదు, లోపలికి ఎక్కడో ఒక ఆర్మ్ మీద కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 7 మిల్లీమీటర్లే నొక్కుకుంటుందనుకోండి. ఆ 0.7ను వర్గం చేసి స్ప్రింగు అంకెతో గుణించాలి. మాన్యువల్‌లో ఉన్నది మిల్లీమీటరుకు 40 న్యూటన్లు. 0.49తో గుణిస్తే 19.6. ఫైలులో లెక్క మీటరుకు కాబట్టి నేను పెట్టింది 40,000. పెట్టాల్సింది 19,600. అంటే రెట్టింపు గట్టిదనం. ముందు మూలన 230 కిలోల బరువుంటే ఆ మూల సెకనుకు దాదాపు ఒకటిన్నరసార్లు ఊగాలి. నాది రెండుకు పైగా ఊగుతోంది. మొదటిది ఇంటికి పాలు తెచ్చుకునే బండి, రెండోది ట్రాక్ కోసం దించి బిగించిన బండి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బల్లే.

ఆయనకు మోషన్ రేషియో, అంటే పైన చెప్పిన ఆ 0.7, తెలుసో లేదో నాకు తెలియదు. తెలియాల్సిన పని లేదు కూడా. ఒళ్లు చెప్పింది రాశాడు. మాన్యువల్ పేజీ పెట్టిన నాకు, నా పక్షాన నిలబడ్డ పదిమందికి ఆ పాటి ఒళ్లు లేకపోయింది. మీ కారు "కప్పలా గెంతుతోంది" అన్న మాట వినగానే నాకు ఇదే గుర్తొచ్చింది. ముందు మీ స్ప్రింగ్ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకోండి.

ఇక దీనికి తోబుట్టువు లాంటి కథ ఇంకోటి ఉంది. అదే కారుకు 1.2 వెర్షన్ పెట్టాను. మార్చింది ఒక్క స్పీడోమీటర్ బొమ్మ. అంకెలు మసకగా ఉన్నాయంటే టెక్స్చర్, అంటే పైన అతికించే బొమ్మ, పెద్దది చేసి పెట్టాను, అంతే. ఏం మార్చానో రాయడం మరిచిపోయాను. రెండు రోజుల్లో ఏడుగురు రాశారు. స్టీరింగ్ బరువు ఇప్పుడు సరిగ్గా కుదిరిందని ఒకరు, వెనక టైర్లు జారే ముందు చెప్పి జారుతున్నాయని ఒకరు. ఇంకొకాయన ఏకంగా అర సెకను తక్కువలో ల్యాప్ కొట్టాడట. డేటా ఫైలులో ఒక్క చుక్క మారలేదు. నేను చేసిన పని కూడా గొప్పదేం కాదులెండి. నిజం చెప్పకుండా ఏడుగురికీ థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టుకుంటే, మన వాళ్లు కార్ల గురించి ఎలా మాట్లాడతారో చాలావరకు తెలుస్తుంది. తిట్టినవాడు కరెక్టు, మెచ్చినవాళ్లు తప్పు. అలాగని తిట్టినవాళ్లంతా కరెక్టు అనుకునేరు, అదీ కాదు. గొంతు ఎలా ఉందన్నదాన్ని బట్టి ఏమీ తేలదు. ఏం ముట్టుకుని మాట్లాడాడన్నదే చూడాలి.

ఇప్పుడు "పీఎస్2 కాలం" అన్నవాడి సంగతి. అతను చూసింది బొమ్మ. బొమ్మ చూసి చెప్పగలిగింది చెప్పాడు, అందులో కూడా నిజం ఉండొచ్చు. మీ కారు తలుపు మీద సూర్యుడి మెరుపు ఒకచోట పెట్టి, కెమెరాను మెల్లగా పక్కకు జరపండి. ఆ మెరుపు తలుపు పొడుగునా నూనె మీద జారినట్టు జారిపోవాలి. హ్యాండిల్ దగ్గరో, చక్రం పైన వంపు దగ్గరో అది తునకలై, వణికి, మళ్లీ అతుక్కుంటోందంటే అక్కడ మెష్, అంటే కారు ఒంటిని అల్లిన చదరాల వల, సమంగా లేదన్నమాట. హ్యాండిల్ కోసం గీతలు కత్తిరించినప్పుడు చుట్టుపక్కల చదరాలు నలిగిపోతాయి. మొదటి కారు చేసినవాళ్లందరికీ ఇదే జరుగుతుంది, నాకూ జరిగింది. చూసేవాడికి కారణం తెలియదు, ఏదో పాతగా ఉందనిపిస్తుంది, "పీఎస్2" అంటాడు. మోడల్‌ను ఎన్ని త్రిభుజాలతో అల్లారన్న లెక్కతో దానికి సంబంధమే ఉండదు. త్రిభుజాలు పెంచితే ఆ ముడత ఇంకా నున్నగా కనిపిస్తుంది తప్ప పోదు.

ఇంతకీ ఈ అనుమానపు చూపు మొదటి నుంచీ లేదు. 1998లో నీడ్ ఫర్ స్పీడ్ మూడో భాగం వచ్చినప్పుడు దానికి అభిమానులు చేసిన కార్లు పెట్టె మీద చక్రాలు తగిలించినట్టుండేవి. లోపల నుంచి చూస్తే వేరే కారు డాష్‌బోర్డ్ కనిపించేది. అయినా కొత్త కారు వచ్చిందంటే పండగ. గేమ్‌లో లేని కారు గేమ్‌లోకి రావడమే అద్భుతం అప్పుడు. అదే ఏడాది వచ్చిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ చుట్టూ చేరినవాళ్లు వేరే జాతి. 1967 సీజన్ కార్లను ఆ గేమ్ ఎంత కఠినంగా చూపించిందో, దానికి ఏదైనా చేర్చేవాళ్లను ఈ జనం అంత కఠినంగా చూశారు. ఇతర సీజన్ల కార్లను తెచ్చిన మోడ్‌లు (గేమ్‌కు బయటివాళ్లు చేసిపెట్టే చేర్పులు) అక్కడ ఏళ్ల తరబడి కూర్చుని చేసినవి. కాబట్టి "గతంలో అందరూ మంచివాళ్లు, ఇప్పుడే చెడిపోయారు" అనే మాట నేననను. రెండు రకాల జనం మొదటి నుంచీ ఉన్నారు. ఇప్పుడు ఒకే గదిలో పడ్డారు, అంతే.

2005లో ఆర్‌ఫ్యాక్టర్ వచ్చాక వరద మొదలైంది. ఆ గేమ్‌ను మోడ్‌ల కోసమే అన్నట్టు తెరిచి పెట్టారు. టైరు ఫైలు, బండి ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి అంకెలు మార్చుకోవచ్చు. మార్చుకున్నారు. ఒకే కారు పదకొండు రకాలుగా తిరిగేది, ఏది ఎవరిదో తెలిసేది కాదు, టైరు ఫైలు మాత్రం అన్నింట్లో ఒకటే. "మోడ్" అన్న మాటకు కాస్త చవకబారు వాసన అంటుకున్నది అప్పుడే అని నా అభిప్రాయం. విచిత్రం ఏంటంటే అంతకుముందు ఇదే రకం పని చేసిన ఒక బృందం ఏకంగా కంపెనీ అయింది. ఈఏ అనే గేమ్ కంపెనీ వాళ్ల ఎఫ్1 2002 గేమ్‌కు జీటీ కార్ల మోడ్ చేసినవాళ్లే సిమ్‌బిన్ పేరుతో జీటీఆర్ గేమ్ తెచ్చారు. "ఇది అభిమానులు చేసిన కారు, ఇంతే ఉంటుంది" అని పెదవి విరిచేవాళ్లకు నేను ఇదే గుర్తుచేస్తుంటాను. అధికారిక కార్లు చేసే చేతుల్లో చాలా చేతులు ఒకప్పుడు మోడర్ల చేతులే.

ఇంకోవైపు లైవ్ ఫర్ స్పీడ్ చూడండి. 2003లో అమ్మకానికొచ్చిన గేమ్, బయటివాళ్ల కార్లకు తలుపు తీసింది 2021 చివర్లో. తీసినా ఊరికే తియ్యలేదు, ప్రతి కారునూ చూసి ఆమోదించే పద్ధతితో తీసింది. అన్నేళ్లు "మాకు మోడ్‌లు ఎందుకివ్వరు" అని గొడవ చేసినవాళ్లు ఉన్నారు, "ఇవ్వకపోబట్టే ఈ గేమ్ శుభ్రంగా ఉంది" అన్నవాళ్లూ ఉన్నారు. రెండో మాట నాకు అప్పట్లో అహంకారంగా అనిపించేది. ఆర్‌ఫ్యాక్టర్ ఫోల్డర్లు శుభ్రం చేసి చేసి, ఇప్పుడు సగం ఒప్పుకుంటాను.

ఇక మీ నాలుగోవాడు, రిప్ మనిషి. ఇతని గురించే నాకు ఎక్కువ చెప్పాలనుంది.

రిప్ అంటే ఇంకో గేమ్ లోపలి నుంచి కారు మోడల్‌ను పీకి తెచ్చి ఈ గేమ్‌లో పెట్టడం. కన్వర్షన్ అని కాస్త మర్యాదగా కూడా అంటారు. అసలు చేసినవాడి అనుమతితో పాత గేమ్ నుంచి కొత్త గేమ్‌కు మార్చినా కన్వర్షనే అంటారు కాబట్టి ఆ మాట ముసుగులా పనికొస్తుంది. రిప్ చూడ్డానికి బాగుంటుంది, ఎందుకుండదు? పెద్ద స్టూడియోలో జీతాలిచ్చి చేయించిన మోడల్ అది. దాన్ని పీకి పంచిపెట్టి "ఉచితంగా ఇస్తున్నాను, ఆనందించండి" అంటే, అత్త సొమ్ము అల్లుడు దానం. దానం అందుకున్నవాళ్లు మాత్రం మెచ్చుకుంటారు, ఎందుకంటే వాళ్లు చూసేది స్క్రీన్‌షాట్.

ఒకసారి ఒక లీగ్‌లో కార్లు పరీక్షించే పని నాకప్పగించారు. అలాంటి కారొకటి వచ్చింది. చూస్తే కళ్లు తిప్పుకోలేం. సీటు కుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఫైలు తెరిస్తే సుమారు ఆరు లక్షల త్రిభుజాలు. ఫొటోలు తీసుకోవడం కోసం, కారు ఒక్కటే తెర నిండా నిలబడటం కోసం చేసిన మోడల్ అది. దూరం వెళ్లేకొద్దీ తేలికయ్యే నమూనాలు, అంటే ఎల్‌ఓడీలు, ఒక్కటి కూడా లేవు. మేం నడిపేది 24 కార్ల రేసు. ఆరు లక్షలను 24తో గుణించండి, ఒక కోటి నలభై నాలుగు లక్షలు. స్టార్ట్ లైన్ మీద నిలబడగానే తెర స్లైడ్ షో అయిపోయింది. సరే, అది పక్కన పెడదాం. డేటా విప్పి చూస్తే ఫిజిక్స్ మొత్తం గేమ్‌తో వచ్చిన ఇంకో కారుది. బరువు మార్చాడు, పవర్ అంకెలు మార్చాడు. ఇనర్షియా పెట్టె (కారు బరువు ఎలా పరుచుకుందో చెప్పే కొలతలు), సస్పెన్షన్ కొలతలు అలాగే ఉన్నాయి. ముందు చక్రాలతో నడవాల్సిన కారుకు వెనక చక్రాల కారు సస్పెన్షన్. పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి, అది.

ఆ కారు కింద ఉన్న మెచ్చుకోళ్లలో "ఫిజిక్స్ కూడా చాలా రియలిస్టిక్" అన్నవి బోలెడు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. బొమ్మ నమ్మించాక మిగతాది మనసే పూరించుకుంటుంది. నా స్పీడోమీటర్ కథలో జరిగింది కూడా ఇదే కదా.

బీమ్‌ఎన్‌జీ అనే ఇంకో కార్ల గేమ్ ఆడేవాళ్ల దగ్గర దీనికి ఒక తిట్టు మాట ఉంది, మెష్‌స్లాప్. ఆ గేమ్‌లో కారు అంటే పైకి కనిపించే మెష్ కాదు, దాని కింద ఉండే నోడ్లు, బీమ్‌ల అల్లిక. గుద్దితే వంగేది ఆ అల్లిక. సెకనుకు 2000 సార్లు లెక్కలు కడుతుంది ఆ ఇంజిన్. గేమ్‌లో అంతకుముందే ఉన్న కారు అల్లిక తీసుకుని దాని మీద వేరే కారు తోలు కప్పితే అది మెష్‌స్లాప్. గోడకు గుద్దినప్పుడు బండారం బయటపడుతుంది. బానెట్ లేని చోట ముడుచుకుంటుంది, తలుపు గాలిలో వేలాడుతుంది. ఆ జనానికి ఇలా ఒక మాట ఉండటం నాకు నచ్చుతుంది. ఎందుకంటే ఆ గేమ్‌లో దొంగతనం కంటికి కనిపిస్తుంది. అసెట్టో కోర్సాలో కనిపించదు, చేతికి తెలియాలి. గేమ్‌ప్యాడ్‌తో ఆడేవాడి చేతికి అసలు తెలియకపోవచ్చు, అది అతని తప్పు కూడా కాదు.

కాబట్టి "రిప్ దొరుకుతుంటే ఇదెందుకు" అన్న మాటకు నా సమాధానం సూటిగా ఇదీ: మీ కారు చూపుకు ఆ రిప్ కన్నా తక్కువ ఉంటుంది. ఇంకో మూడు కార్లు చేసినా తక్కువే ఉంటుందేమో. ఆ పోటీలోకి దిగకండి. రిప్ మనుషుల్ని తిట్టడానికీ కూర్చోకండి. వాళ్ల మీద విరుచుకుపడేవాళ్లలో కొందరు తమకు నచ్చిన పేరున్న మోడర్ దగ్గర అదే పని జరిగితే కళ్లు మూసుకోవడం నేను చూశాను. ఎవరి కారో తెలియకముందు ఒక మార్కు, తెలిశాక ఒక మార్కు. ఇదొక్కటి మాత్రం మన దగ్గర ఉన్న నిజమైన జబ్బు.

డబ్బు తీసుకునే కార్ల దగ్గర ఈ జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో, స్కైరిమ్ అనే గేమ్ మోడ్‌లకు ధర పెట్టుకునే ఏర్పాటు తెచ్చి, గొడవకు తట్టుకోలేక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. రేసింగ్ వైపు అంత గొడవ లేకుండానే అలవాటైపోయింది. రేస్ సిమ్ స్టూడియో లాంటి బృందాలు సొంతంగా కార్లు చేసి అమ్ముతున్నాయి, కొన్నవాళ్లు తృప్తిగానే ఉన్నారు. నిజమైన పేర్లకు లైసెన్స్ కావాలి కాబట్టి ఫార్ములా కార్లకు కల్పించిన పేర్లు పెడతారు. అది పద్ధతిగా జరిగే పని. నాకు అభ్యంతరం ఉన్నది వేరేవాళ్లతో. పీకి తెచ్చిన మోడల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి అమ్మేవాళ్లు. ఫైలు తెరవనివ్వరు, తెరిస్తే ఎవరిదో తెలుస్తుంది. కొన్నవాడేమో డబ్బు పెట్టాను కాబట్టి బాగుందనే అంటాడు, లేకపోతే తను మోసపోయానని ఒప్పుకోవాలి. ఉచిత కారుకు రెండు నక్షత్రాలిచ్చినవాడే అంతకన్నా నాసిరకం కారుకు డబ్బిచ్చి నాలుగు ఇవ్వడం ఇందుకే.

డ్రిఫ్ట్ జనం, అంటే కారును పక్కకు జారిస్తూ నడిపేవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాళ్లను అందరూ తేలిగ్గా తీసిపారేస్తారు. డ్రిఫ్ట్ ప్యాకుల్లో కార్ల ముందు చక్రాలు పక్కకు నమ్మలేనంత తిరుగుతాయి, టైరు పట్టు అన్నింటికీ దాదాపు ఒకటే ఉంటుంది, ఏ కారుకూ దాని సొంత స్వభావం ఉండదు. సిమ్యులేషన్ మనుషులకు ఇది చెత్త. కానీ వాళ్లకు కావాల్సింది అదే. ఇద్దరు తలుపుకు తలుపు ఆనించి వంపులో జారాలంటే రెండు కార్లూ ఒకే వేగంతో, ఒకే తీరుగా జారాలి. ఆ పని ఆ ప్యాకులు చక్కగా చేస్తాయి. ఒక ప్యాకులో పన్నెండు కార్లను అలా సమానంగా తూచడం ఒక నిజమైన కారు అంకెలు దించడం కన్నా కష్టం. నేను ప్రయత్నించాను, నాలుగో కారు దగ్గర చేతులెత్తేశాను.

అందుకే మీ పేజీలో మొట్టమొదటి వాక్యంగా ఈ కారు దేనికోసం చేశారో రాయండి. వీల్ పట్టుకుని ఒంటరిగా కొండ రోడ్డు మీద తిరగడానికా, లీగ్‌లో పరిగెత్తించడానికా, ఫొటోలకా. సగం తిట్లు తప్పు మనిషి తప్పు కారు దింపుకోవడం వల్ల వస్తాయి.

ఇప్పుడు మీ కారు సంగతి. కాకి పిల్ల కాకికి ముద్దు, మన కారును మనం నడిపి తప్పు పట్టుకోలేం. చేతికి అలవాటైపోతుంది. కాబట్టి నడిపి కాదు, లెక్కకట్టి చూడాలి. మీ కారు అంకెలు మీరు రాయలేదు కాబట్టి నాకు నోటికొచ్చిన కారు తీసుకుంటాను, 1.6 లీటర్ల మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. టైరు 185/60, రిమ్ 14 అంగుళాలు. 185లో 60 శాతం 111 మిల్లీమీటర్లు, అది టైరు గోడ. 14 అంగుళాల్లో సగం సుమారు 178. కలిపితే 289. అంటే టైర్స్ ఫైలులో వ్యాసార్థం 0.289 దగ్గర ఉండాలి. వేరే కారు నుంచి టైరు ఫైలు తెచ్చి పెట్టుకుంటే అక్కడ 0.33 లాంటిది మిగిలిపోతుంది. కంటికి తెలియదు, ఎందుకంటే పైకి కనిపించే చక్రం మీ మోడల్‌లోది, సరైన సైజులోనే ఉంటుంది.

మరి ఎలా తెలుస్తుంది? ఆ కారు మూడో గేరు 1.330, ఫైనల్ డ్రైవ్ 4.3. రెండూ గుణిస్తే 5.72. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం తిరుగుతుంటే చక్రం నిమిషానికి 1049 సార్లు తిరుగుతుంది. 0.289 వ్యాసార్థంతో గంటకు 114 కిలోమీటర్లు. 0.33తో 130. తిన్నగా ఉన్న రోడ్డు మీద మూడో గేరులో 6000 దగ్గర పట్టి, వేగం చూడండి. 130 కనిపించిందా, గేర్లన్నీ పొడుగైపోయినట్టే. అప్పుడు కారు నీరసంగా అనిపిస్తుంది, "ఇంజిన్‌లో దమ్ము లేదు" అని ఎవరో రాస్తారు, మీరు వెళ్లి పవర్ పెంచుతారు. ఒక తప్పు మీద ఇంకో తప్పు కూర్చుంటుంది. నేను తెరిచి చూసిన ఉచిత కార్లలో ఈ టైరు వ్యాసార్థం తప్పు ఎన్నిసార్లు కనిపించిందో చెబితే నమ్మరు.

అక్కడితో ఆగకుండా ఇనర్షియా కూడా చూసుకోండి. కార్ ఫైలులో మూడు అంకెలుంటాయి, వెడల్పు, ఎత్తు, పొడవు, మీటర్లలో ఒక పెట్టె కొలతలు. అది మీ కారు బయటి కొలత కాదు, బరువు ఎలా పరుచుకుని ఉందో చెప్పే పెట్టె. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు పెద్ద సెడాన్ పెట్టె మిగిలిపోతే మలుపులో తిరగడానికి మొరాయిస్తుంది, తిరిగాక ఆగదు. బరువు దగ్గర ఇంకో చిన్న మెలిక ఉంది. అక్కడ పెట్టే మొత్తం బరువులో డ్రైవరు కూడా కలిసే ఉండాలి. బ్రోషర్ అంకె అలాగే దించేస్తే మీ కారును దెయ్యం నడుపుతున్నట్టే.

సౌండ్ గురించి పెద్దగా చెప్పను. మొదటి కారుకు గేమ్‌లోని వేరే కారు సౌండ్ వాడుకోవడం తప్పేం కాదు, ఏ కారుదో పేజీలో రాసేయండి చాలు. రాయకపోతే చెవి ఉన్నవాడెవడో పట్టుకుంటాడు, ఆ తర్వాత మీ సొంత పనిని కూడా అనుమానిస్తారు.

వ్యాఖ్యలు చదివేటప్పుడు నేను చేసేది ఒకటి చెబుతాను. ఒక్క క్రియ కోసం వెతుకుతాను. "రియలిస్టిక్‌గా లేదు" అన్నదాంట్లో ఏమీ లేదు, దాన్ని వదిలేస్తాను. "బ్రేక్ వదలగానే ముక్కు పైకి లేస్తోంది", "రెండో గేర్‌లో గ్యాస్ ఇస్తే తోక ఒక్కసారిగా విసురుతోంది", ఇలాంటివి నోట్ చేసుకుంటాను, పక్కన ఎన్ని తిట్లున్నా సరే. కారు ఏదో ఒకటి చేసిందని అవతలివాడు చెప్పగలిగాడంటే, అతను దాని లోపల కూర్చున్నాడు. మీ మూడోవాడి మాటలో "గెంతుతోంది" ఉంది. అతన్ని ఒక్కటే అడగండి, ఏ ట్రాక్, ఏ మలుపు, వీలా ప్యాడా. చెబితే అదే మలుపులో మీరు రీప్లే పెట్టి చక్రాన్ని చూడండి. చక్రం నేలను వదులుతోందంటే తప్పు స్ప్రింగుదో, ఊగుడును ఆపే డ్యాంపరుదో. చక్రం నేల మీదే ఉండి బాడీ మాత్రం పైకి కిందకి కొట్టుకుంటోందంటే డ్యాంపరు చాలా మెత్తగా ఉందని. డ్యాంపరు అంకెలు కూడా చక్రం దగ్గరివే అడుగుతుంది ఆ గేమ్, అదీ మర్చిపోకండి.

తీసేయమంటారా అన్నారు. వద్దు. తీసేస్తే ఆ నలుగురిలో ముగ్గురికి తేడా ఏమీ తెలియదు, నడిపిన ఒక్కడూ పోతాడు. స్ప్రింగ్ అంకె, టైరు వ్యాసార్థం, ఇనర్షియా సరిచూసి 1.1గా పెట్టండి. తలుపు మీద ముడత ఉంటే దానికి ఇంకా టైముంది, 1.3లో చూసుకోవచ్చు. ఇక్కడే మీ సస్పెన్షన్ ఫైలు, టైర్స్ ఫైలు పెట్టండి, ఈ వారాంతం కూర్చుని చూస్తాను. ఏం మార్చారో మాత్రం పేజీలో తప్పకుండా రాయండి. నాలాగా ఏడుగురికి అబద్ధపు థాంక్స్ చెప్పుకోవాల్సి రాకుండా.